ఎండలో మొరాయించే కెమెరా: తప్పు బాడీదా, లెన్స్‌దా?

నా డీఎస్ఎల్ఆర్‌కు, అంటే లెన్స్ విడిగా తగిలించుకునే అద్దం కెమెరాకు, వచ్చిన రోగం చూడటానికి వింతగా ఉండేది. దానికి ఉన్నది బాడీతోపాటు అమ్మే 18-55 మి.మీ. జూమ్ లెన్స్, కిట్ లెన్స్ అంటారు దాన్ని. ఇంట్లోనూ, ఫంక్షన్ హాల్లోనూ ఎన్ని ఫోటోలు తీసినా చక్కగా పనిచేసేది. ఎండలోకి తెచ్చి బటన్ నొక్కితే మాత్రం షట్టర్ చప్పుడు సగంలో ఆగిపోయి, లెన్స్‌తో సంబంధం సరిగా లేదు, కాంటాక్ట్‌లు శుభ్రం చేయండి అన్న ఎర్రర్ స్క్రీన్ మీద ప్రత్యక్షమయ్యేది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒకటి రెండు ఫోటోలు పడేవి, ఆ తర్వాత మళ్లీ అదే గోల. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: వేడికి తట్టుకోలేకపోతోంది.

వేడి మీద అనుమానం ఊరికే కొట్టిపారేయాల్సింది కాదు. 2005 అక్టోబరులో సోనీ తాను తయారు చేసిన కొన్ని సీసీడీ రకం సెన్సర్లు (వెలుతురును ఫోటోగా మార్చే చిప్‌లు) వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట పాడవుతున్నాయని ప్రకటించింది. ఆ సెన్సర్లు వాడిన వేరే కంపెనీల కెమెరాలూ ఆ జాబితాలోకి వచ్చాయి. సెన్సర్ లోపల వెంట్రుక కన్నా సన్నటి తీగల అతుకు ఊడిపోవడం దానికి మూలం. అయితే ఆ జబ్బు లక్షణాలు వేరు. ఎదురుగా ఉన్న దృశ్యం స్క్రీన్ మీద రంగులు చెదిరి గీతలుగానో, పూర్తిగా నల్లగానో కనిపిస్తుంది. మెనూ, పాత ఫోటోలు మాత్రం శుభ్రంగా కనిపిస్తాయి. అప్పటి చిన్న కెమెరా ఏదైనా మీ బీరువాలో ఉండి ఇలా ప్రవర్తిస్తుంటే అనుమానించాల్సింది సెన్సర్నే. నాది సీమాస్ అనే వేరే రకం సెన్సర్ ఉన్న డీఎస్ఎల్ఆర్, పడ్డ ప్రతి ఫోటో నిక్షేపంగా ఉంది. కాబట్టి సెన్సర్ జోలికి పోనక్కర్లేదు.

వేడా కాదా అన్నది తేల్చడం చాలా తేలిక. కెమెరాను ఏసీ గదిలో బాగా చల్లబడనిచ్చి, గదిలోంచే కిటికీ బయటి ఎండవైపు గురిపెట్టి నొక్కాను. ఎర్రర్ వచ్చింది. కరెంటు పోయి ఉడికిపోతున్న గదిలో తెరలు వేసి, చీకట్లోనూ ఫోటో పడేలా ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచి తీస్తే రాలేదు. అంటే గొడవ వేడితో కాదు, వెలుతురుతో. ఇక వెలుతురు పెరిగినప్పుడు కెమెరా లోపల ఏం మారుతుందో చూసుకోవాలి.

దానికి ఆధారం మెమరీ కార్డులోనే ఉంది. ప్రతి ఫోటో ఫైలులో ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ, ఫోకల్ లెంగ్త్ (జూమ్ అంకె, మి.మీ.లలో) రాసి ఉంటాయి. ఎపర్చర్ అంటే లెన్స్ లోపల రేకులతో తెరుచుకుని మూసుకునే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. కెమెరాలోనే ఫోటో చూస్తూ ఇన్ఫో బటన్ నొక్కినా, కంప్యూటర్లో ఫైలు ప్రాపర్టీస్‌లో వివరాలు తెరిచినా కనిపిస్తాయి. ఎర్రర్ వచ్చిన వెంటనే కంగారుగా బ్యాటరీ లాగేయకుండా, స్క్రీన్ మీది సందేశాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, టాప్ డిస్‌ప్లేలో కనిపిస్తున్న ఎపర్చర్ అంకె, లెన్స్ మీద జూమ్ ఎక్కడుందో ఆ అంకె రాసుకోండి. రిపేరు షాపులో "అప్పుడప్పుడు ఏదో ఎర్రర్ వస్తోందండీ" అంటే వాళ్లు చేయగలిగింది తక్కువ. "18 దగ్గర ఎఫ్/8లో ప్రతిసారీ వస్తోంది" అంటే సగం పని అయిపోయినట్టే.

నా దగ్గర బాగా పడ్డ ఫోటోలన్నీ ఎఫ్/3.5 నుంచి ఎఫ్/5.6 మధ్యవి. ఇంట్లో వెలుతురు చాలదు కాబట్టి ఆటో మోడ్ లెన్స్‌ను పూర్తిగా తెరిచే ఉంచుతుంది. బయట ఎండలో అదే ఆటో మోడ్ ఎఫ్/8కో ఎఫ్/11కో మూస్తుంది. ఇక్కడే లెన్స్ మీద అనుమానం బలపడింది. కానీ అనుమానం వేరు, నిర్ధారణ వేరు. తేలికగా తేలిపోయేవాటిని ముందు పక్కకు తప్పించాలి, అదీ ఒకసారికి ఒక్కటే మార్చి. బ్యాటరీ, కార్డు, లెన్స్ మూడూ ఒకేసారి మార్చేస్తే కెమెరా బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

బ్యాటరీతో మొదలు. డీఎస్ఎల్ఆర్ బ్యాటరీలు ఎక్కువగా రెండు లిథియం సెల్స్ వరుసగా కలిపినవి, ఒంటిమీద 7.2 వోల్టులనో 7.4 వోల్టులనో ఉంటుంది, నిండా చార్జ్ అయితే మల్టీమీటర్‌లో 8.4 దగ్గర చూపించాలి. ఈ అంకె ఒక్కటే చూసి బ్యాటరీ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వకూడదు. అద్దం లేచి, షట్టర్ కదిలి, లెన్స్ మోటారు తిరిగే ఆ క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ముసలిదైన బ్యాటరీ వోల్టేజీ అప్పుడు దిగజారిపోతుంది. ఖాళీగా కొలిస్తే బాగానే ఉన్నట్టు కనిపించే బ్యాటరీ పనిలో కూలబడటానికి ఇదే కారణం. అందుకే కొత్తది గానీ, వేరేవాళ్ల కెమెరాలో బాగా నడుస్తున్నది గానీ నిండా చార్జ్ చేసి పెట్టి చూడాలి. నా కెమెరాలో దానితోనూ ఎర్రర్ వచ్చింది.

కెమెరా అసలు ఆన్ కాకపోతే ఇంకో చోట చూడాలి. బ్యాటరీ మూత లోపలి అంచున చిన్న ప్లాస్టిక్ పుల్ల లాంటిది ఉంటుంది. మూత వేసినప్పుడు అది బాడీలోని బుల్లి స్విచ్‌ను నొక్కితేనే కరెంటు లోపలికి పోతుంది. ఆ పుల్ల విరిగితే ఎంత మంచి బ్యాటరీ పెట్టినా కెమెరా చచ్చినట్టే పడి ఉంటుంది. చాలా మోడళ్లలో కార్డు మూతకూ ఇలాంటి స్విచ్చే. మదర్‌బోర్డు పోయిందని చెప్పించుకుని డబ్బు వదిలించుకునే ముందు టార్చి వేసి ఆ పుల్ల ఉందో లేదో చూడండి.

కార్డు పరీక్షకు అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి కార్డు తీసేయడమే. మెనూలో కార్డు లేకుండా షట్టర్ నొక్కనిచ్చే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఖాళీ స్లాట్‌తో నొక్కండి. అప్పుడూ అదే ఎర్రర్ వస్తే కార్డు నిర్దోషి. ఎర్రర్ పోతే కార్డులోని ఫోటోలు ముందు కంప్యూటర్లోకి ఎక్కించుకుని, కెమెరాలోనే ఫార్మాట్ చేసి చూడాలి. ఫోటో సగం బాగుండి మిగతా సగం బూడిదరంగులో ఉండటం, తీసినవి కనపడకుండా పోవడం కార్డు లక్షణాలు. అలా పోయినప్పుడు ఆ కార్డులో ఇంకొక్క ఫోటో కూడా తీయకుండా పక్కన పెడితే ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ చాలావరకు బయటకు లాగుతుంది. నకిలీ కార్డులు పైన 64 జీబీ అని రాసుకుని లోపల అందులో కొంతే ఉంటాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కార్డంతా నింపి తిరిగి చదివి బండారం బయటపెడుతుంది. మరీ పాత కెమెరా అయితే ఇంకో చిక్కు: ఎస్‌డీ కార్డుల్లో పెద్దవాటి కోసం ఎస్‌డీహెచ్‌సీ ప్రమాణం 2006లో వచ్చింది, దానికి ముందటి కెమెరాలు 2 జీబీ మించిన కార్డును సాధారణంగా గుర్తించవు. అది రిపేరు కాదు, చిన్న కార్డు వెతుక్కోవాలంతే.

తర్వాత బాడీ. లెన్స్ తీసేసి, మోడ్ డయల్‌ను మాన్యువల్‌లో పెట్టి, ఉత్త బాడీతో తెల్లటి గోడవైపు చూపి నొక్కాలి. లెన్స్ లేకపోయినా మాన్యువల్‌లో డీఎస్ఎల్ఆర్‌లు దాదాపు అన్నీ షట్టర్ కొడతాయి; లెన్స్ లేదని పేచీ పెడితే మెనూలో దానికో సెట్టింగ్ ఉంటుంది. ఆకారం ఏమీ పడదు, వట్టి తెలుపో బూడిదరంగో పడుతుంది, మనకు కావలసిందీ అదే. 1/60, 1/200, 1/1000, 1/4000 దగ్గర వరసగా తీసి ఫ్రేమ్ అంతా ఒకే వెలుగులో ఉందా చూడండి. వేగం పెరిగేకొద్దీ ఒక అంచు నల్లబడుతుంటే షట్టర్ తెరలు ఒకదానితో ఒకటి తాళం తప్పుతున్నట్టు.

ఈ పరీక్ష పగటి వెలుతురులోనే చేయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. షట్టర్ స్పీడ్ 1/100 కన్నా ఎక్కువైతే ఆ హెచ్చుతగ్గులు ఫోటోలో చారలుగా పడతాయి. 1/50కో 1/100కో దించితే చారలు మాయమవుతాయి. షట్టర్ పోయిందని రిపేరు షాపుకొచ్చే కెమెరాల్లో కొన్నింటి సంగతి ఇంతే. ఫ్లాష్ వాడినప్పుడు కింద నల్లటి పట్టీ పడటమూ ఇదే బాపతు: ఎంట్రీ లెవెల్ బాడీల్లో ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం 1/200 దరిదాపుల్లో ఉంటుంది, బయటి ఫ్లాష్‌తో అది దాటితే సాధారణంగా పట్టీ పడుతుంది.

లెన్స్ లేకుండా నా బాడీ అన్ని వేగాల్లోనూ తడబడకుండా కొట్టింది. అద్దం, షట్టర్, సెన్సర్, బ్యాటరీ లైను అన్నీ ఒక్క దెబ్బతో బయటపడ్డాయి. దానికి 50 మి.మీ. లెన్స్ తగిలించి ఎఫ్/8లో, ఎఫ్/16లో తీస్తే అవీ పడ్డాయి. లెన్స్‌ను తాకే బాడీ వైపు పిన్నులు కూడా బాగున్నాయని దీంతో తేలింది. వేరే లెన్స్ మీ దగ్గర లేకపోతే స్నేహితుల దగ్గర అదే మౌంట్ (బాడీకి బిగిసే అమరిక) ఉన్న లెన్స్ ఒక్క పూటకు అడిగి తెచ్చుకోండి, ఈ పరీక్షకు ప్రత్యామ్నాయం లేదు.

స్క్రీన్ చెప్పిన కాంటాక్ట్‌ల శుభ్రం కూడా కానిచ్చాను. లెన్స్ వెనక బంగారుపూత చుక్కలు వరసగా ఉంటాయి. చెమట చేతి జిడ్డు, సముద్రపు గాలి తేమ వాటి మీద పలచటి పొరలా పడతాయి. నూలు రాలని గుడ్డను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, లెన్స్ వెనక వైపు కిందికి ఉండేలా పట్టుకుని తుడవాలి. పైకి పెట్టి తుడిస్తే ద్రవం లోపలికి జారుతుంది. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పని జరుగుతుంది గానీ పూత అరుగుతుంది, రబ్బరు పొట్టు లోపలికి పోతుంది, నేనైతే వద్దంటాను. బాడీ వైపు పిన్నులు స్ప్రింగ్ మీద ఉంటాయి. ఒక్కోదాన్నీ టూత్‌పిక్‌తో మెల్లగా నొక్కి వదిలితే పైకి తేలాలి. లోపలే ఉండిపోయిన పిన్ను ఉంటే అదే దొంగ. అన్నీ తుడిచాక కూడా నా లెన్స్‌లో మార్పు లేదు.

ఇక అసలు పరీక్ష. ఎపర్చర్ అంకె మనమే పెట్టే ఎపర్చర్ ప్రయారిటీ మోడ్, ఆటోఫోకస్ ఆఫ్, చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్ ఆఫ్. ఆ రెండూ ఆపకపోతే తప్పు ఎపర్చర్‌దా, ఫోకస్ మోటారుదా, స్టెబిలైజర్‌దా అన్నది కలగాపులగం అవుతుంది. జూమ్ 18 దగ్గర పెట్టి ఎఫ్/3.5లో వరసగా తీశాను, అన్నీ పడ్డాయి. ఒకే ఒక్క మెట్టు దించి ఎఫ్/4 పెట్టగానే ఎర్రర్. 24 దగ్గరా అదే కథ: పూర్తిగా తెరిచి ఉంటే సరే, మూయమంటే ఎర్రర్. 35 దగ్గర ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. 55 దగ్గర ఎఫ్/5.6 నుంచి ఎఫ్/22 దాకా ఏది పెట్టినా ఏ పేచీ లేకుండా పనిచేసింది!

కారణం లెన్స్ నిర్మాణంలో ఉంది. ఇలాంటి కిట్ లెన్సుల్లో ఎపర్చర్ రేకులను కదిపేది వాటి పక్కనే ఉన్న చిన్న స్టెప్పర్ మోటారు. దానికి వెనకాల బోర్డు నుంచి కరెంటు మోసేది కాగితమంత పలచటి ఫ్లెక్స్ పట్టీ, దానిలో రాగి గీతలు. జూమ్ తిప్పినప్పుడల్లా రేకుల అర లోపల ముందుకూ వెనక్కూ జరుగుతుంది, దానితోపాటు పట్టీ మడతపడి విచ్చుకుంటుంది. కొన్నేళ్లు ఇలా మడిచి విప్పితే ఒక రాగి గీత చిట్లుతుంది. పట్టీ ఒక భంగిమలో ఉన్నప్పుడు చిట్లిన కొసలు ఆనుకుంటాయి, ఇంకో భంగిమలో విడిపోతాయి. నా లెన్స్‌లో 55 దగ్గర ఆనుకుంటున్నాయి, 18 దగ్గర విడిపోతున్నాయి. రేకులు మూయమని బాడీ ఆదేశిస్తుంది, కదలిక జరగదు, బాడీ దాన్ని లెన్స్‌తో సంబంధం తెగినట్టు లెక్కేసి ఎర్రర్ చూపిస్తుంది. ఎఫ్/3.5లో రేకులు అసలు కదలాల్సిన పనే లేదు, అందుకే ఎర్రర్ లేదు. స్క్రీన్ కాంటాక్ట్‌లు తుడవమంటుంది, తెగిందేమో కాంటాక్ట్‌లకు దూరంగా, లెన్స్ మధ్యలో. స్క్రీన్ దాకా వచ్చేది లక్షణం మాత్రమే.

కంటితో కూడా చూడొచ్చు. ఎపర్చర్ ఎఫ్/11, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఫోటో తీయకముందే రేకులను మూసి చూపేది) నొక్కి పట్టి, లెన్స్ ముందు నుంచి లోపలికి చూడాలి. బాగున్న చోట రేకులు ముడుచుకుని మధ్యలో చిన్న బొక్క మిగులుతుంది, చిన్న టిక్ శబ్దం వినిపిస్తుంది. చెడిన చోట రేకులు చలించవు. ఆ బటన్ లేని బాడీ అయితే షట్టర్ స్పీడ్ 2 సెకన్లు పెట్టి నొక్కి చూస్తే సరి.

ఇలాగే కనిపించే ఇంకో జబ్బు ఉంది, తికమక పడొద్దు. రేకుల మీదికి నూనె పాకితే అవి బద్ధకంగా మూసుకుంటాయి. అప్పుడు సాధారణంగా ఎర్రర్ రాదు, ఎఫ్/11లో తీసిన ఫోటోలు అతిగా తెల్లబడతాయి, ఎఫ్/3.5లోవి బాగుంటాయి. టార్చి వేస్తే రేకుల మీద నూనె మెరుపు కనబడుతుంది. ఎపర్చర్ రింగ్ ఉన్న పాత నికాన్ లెన్సుల్లో ఎఫ్ఈఈ అని వస్తే మాత్రం రిపేరు లేదు, రింగును అతి పెద్ద అంకె దగ్గర పెట్టి తాళం వేస్తే చాలు.

రిపేరు అయ్యేలోగా కెమెరా మూలన పడేయక్కర్లేదు. పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌లోనే ఎండలోనూ తీయొచ్చు. నిండు ఎండకు ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/16, 1/100 అన్నది పాత లెక్క. ఎఫ్/5.6కు వస్తే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) తేడా, అంటే 1/800. ఎఫ్/3.5 అయితే 1/2000 పైచిలుకు. 1/4000 దాకా పోయే బాడీకి ఇదేం కష్టం కాదు. ముందువెనకల స్పష్టంగా పడే లోతు తగ్గుతుందన్న భయమూ 18 దగ్గర పెద్దగా అక్కర్లేదు: ఎంట్రీ లెవెల్ బాడీల్లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ మీద ఎఫ్/3.5లో దాదాపు 5 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా చాలినంత స్పష్టంగా వస్తుంది. గ్రూపు ఫోటోలకు అది సరిపోతుంది.

పట్టీ నేనే మార్చుకోవాలని చూడలేదు. దానికి లెన్స్‌ను దాదాపు పూర్తిగా విప్పాలి, గాజు అరలు తిరిగి అదే చోట, అదే వాలులో కూర్చోవాలి. స్క్రూలు కూడా మనం స్టార్ అనుకునేవి కావు, జపాన్ ప్రమాణం జేఐఎస్‌వి. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెడితే జారి తల చెడుతుంది. లెన్స్ సంగతి ఇదైతే, లోపల ఫ్లాష్ ఉన్న బాడీని గానీ చిన్న కెమెరాను గానీ ఇంట్లో విప్పడం అంతకన్నా తప్పు. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసేశాక కూడా చాలాసేపు నిలుస్తుంది. చేయి తగిలితే షాక్, స్క్రూడ్రైవర్ తగిలితే బోర్డు కాలుతుంది.

కోఠి లాంటి చోట్ల రిపేరు దుకాణాల్లో ఈ పట్టీని ఫ్లెక్స్ అనే అంటారు. విడిభాగం చవక, కూలీ దానికి మించి ఉంటుంది. ఒప్పుకునే ముందు అడగాల్సినవి: ఫ్లెక్స్ ఒక్కటే మారుస్తారా, ఎపర్చర్ అర మొత్తమా, కొత్తదా, వేరే లెన్స్ నుంచి తీసిందా, తీసేసిన పాతది తిరిగి ఇస్తారా. సెకండ్ హ్యాండ్‌లో అదే కిట్ లెన్స్ ఎంతకు వస్తుందో ముందే కనుక్కుని వెళ్లండి, రిపేరు ఖర్చు దాని దగ్గరికొస్తే రిపేరు దండగ. బాడీని షాపులో వదలకండి, ఆధారమంతా లెన్స్‌లోనే ఉందని ముందే తేల్చుకున్నాం కదా.

తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే 18, 24, 35, 55 నాలుగు చోట్లా ఎఫ్/8లోనూ ఎఫ్/16లోనూ తీసి చూడాలి. జూమ్‌ను మెల్లగా తిప్పుతూ మధ్య మధ్యలో నొక్కాలి, ఎందుకంటే పట్టీ సరిగా కూర్చోకపోతే కొత్తది కూడా ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది. ఆటోఫోకస్, స్టెబిలైజర్ మళ్లీ ఆన్ చేసి అవీ చూసుకోండి.

ఇంటికొచ్చాక ఒక పరీక్ష మిగులుతుంది, విప్పి బిగించిన లెన్స్‌కు ఇది తప్పనిసరి. చదునైన గోడకు పేపర్‌లోని క్లాసిఫైడ్స్ పేజీలు నాలుగు మూలలా ఒకటి, మధ్యలో ఒకటి అంటించండి. కెమెరాను స్టాండు మీద గోడకు సూటిగా, ఫ్రేమ్ మూలలకు ఆ పేజీలు వచ్చేలా పెట్టి, మధ్యలోని పేజీ మీద ఫోకస్ చేసి, 2 సెకన్ల టైమర్‌తో ఎఫ్/3.5లోనూ ఎఫ్/8లోనూ తీయండి. జూమ్ మార్చినప్పుడు స్టాండును వెనక్కి జరుపుకోవాలి. కంప్యూటర్లో పూర్తి సైజుకు పెంచి మూలల అక్షరాలు పోల్చాలి. నాలుగు మూలలూ మధ్యకన్నా కొద్దిగా మెత్తగా ఉంటే కిట్ లెన్స్‌కు మామూలే. ఎడమ రెండు మూలల్లో ఫోన్ నంబర్లు చదవగలుగుతూ కుడివైపు అలుక్కుపోయి ఉంటే, కెమెరా గోడకు వంకరగా లేదని ఒకసారి సరిచూసుకోండి. అయినా అలాగే ఉంటే గాజు అర వాలుగా కూర్చుంది. ఆ ఫోటో చూపించి మళ్లీ సరిచేయించుకోవాలి. నా లెన్స్‌లో 18 దగ్గర కుడి పై మూల కాస్త మెత్తబడింది, ఎఫ్/8కు వచ్చేసరికి తేడా కనపడటం లేదు, దాన్ని అలాగే ఉంచేశాను.